ఎకరం ధర, బస్తా ధర: గోదావరి డెల్టాకి తిరిగొచ్చినవాళ్ల కోసం కొన్ని లెక్కలు

(భీమవరంలో, విదేశాల నుంచి తిరిగొచ్చి స్థిరపడుతున్నవాళ్ల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారమండి. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

బయటిదేశంలో చాలాకాలం ఉండి వచ్చినవాళ్లు, విమానం దిగిన నెలలోపే మూడు మాటలు అంటారు. ఊరు గుర్తుపట్టలేకుండా మారిపోయింది. రేట్లు మండిపోతున్నాయి. కొబ్బరిబొండాలతను కూడా ఫోన్లోనే డబ్బులు తీసుకుంటున్నాడు. మూడూ నిజమే. అయితే ఈ మూడింటిని బట్టి ఇక్కడి ఆర్థిక పరిస్థితి అర్థమైపోయిందనుకుంటేనే చిక్కు. ఆ ధైర్యంతోనే చాలామంది వచ్చిన ఆరు నెలల్లో పొలమో, చెరువో కొనేస్తున్నారు.

ముందు కొలబద్ద సంగతి. మనవాళ్లు ప్రతిదాన్నీ డాలర్లలోకి మార్చి చూస్తారు. డాలరు 2000 ప్రాంతంలో 45 రూపాయల దగ్గరుండేది, 2025 డిసెంబరులో 90 దాటింది. అంటే రెట్టింపు. అదే కాలంలో పది గ్రాముల బంగారం నాలుగున్నర వేల లోపు నుంచి లక్షా ఇరవై వేల పైకి పోయింది. మరి ధాన్యం? 2000-01లో సాధారణ రకానికి కనీస మద్దతు ధర క్వింటాలు 510 రూపాయలు, 2025-26లో 2,369. మన 75 కిలోల బస్తా లెక్కన 382 నుంచి 1,777 దాకా వచ్చింది. నాలుగున్నర రెట్ల పైచిలుకు. ఒకే పాతికేళ్లలో మూడు వస్తువులు మూడు దారుల్లో పోయాయి. డెల్టాలో ఏ లెక్కైనా నేను బస్తాల్లోనే వేస్తాను. ఇక్కడ కౌలు బస్తాల్లో, దిగుబడి బస్తాల్లో, పాతకాలంలో పాలేరు జీతం కూడా బస్తాల్లోనే.

ఇప్పుడు ఎకరం తీసుకుందాం. మంచి కాలవ కింద, రెండు పంటలు పండే ఎకరం. ధర 50 లక్షలనుకోండి. మీ ఊళ్లో ఎక్కువుండొచ్చు, తక్కువుండొచ్చు, ఆ అంకె మార్చుకుని ఇదే లెక్క వేసుకోండి. సార్వా (వానాకాలం పంట), దాళ్వా (ఆ తర్వాతి రెండో పంట) రెండూ కలిపి ఏడాదికి 30 బస్తాల కౌలు వస్తుందనుకుందాం. మద్దతు ధర పూర్తిగా దక్కితే 53,310 రూపాయలు. 50 లక్షల మీద అది నూటికి ఒక రూపాయి, పైన ఏడు పైసలు. అదే సొమ్ము బ్యాంకులో ఆరున్నర శాతానికి వేస్తే 3,25,000. తిరగేసి చూస్తే, ఆరున్నర శాతం రావాలంటే ఆ ఎకరం ధర ఎనిమిది లక్షల ఇరవై వేలుండాలి.

మిగతా నలభై రెండు లక్షలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? పొలంలో పండలేదు. కువైట్ నుంచి, డాలస్ నుంచి, హైదరాబాద్ ఐటీ జీతాల నుంచి, రొయ్యల చెరువుల నుంచి, రేపు రోడ్డు పడుతుందన్న ఆశ నుంచి వచ్చాయి. భూమి ధరకీ భూమి మీద పండేదానికీ ఉన్న ముడి తెగిపోయింది. ఈ ప్రాంతంలో వచ్చిన మార్పులన్నిట్లోకీ పెద్దది నా లెక్కన ఇదే. అపార్ట్‌మెంట్లు, కార్లు, ఏసీ ఫంక్షన్ హాళ్లు దీని తర్వాతే. ఆ ముడి తెగ్గోసినవాళ్లలో మనమూ ఉన్నాం. ఆ మాట ఇక్కడ అనకపోతే ఎక్కడంటాం చెప్పండి. (నవ్వులు)

ముడి తెగితే ఏమైంది? పొలం చేసేవాడికి పొలం కొనే దారి మూసుకుపోయింది. తొంభైల్లో కౌలురైతు నాలుగు మంచి పంటలొస్తే అరెకరమన్నా కలుపుకునేవాడు. ఇవాళ ఆ లెక్క చూడండి. సార్వా 30 బస్తాలు, దాళ్వా 45, మొత్తం 75. కౌలుకి 30 పోతే మిగిలేది 45. డబ్బుల్లో దాదాపు 80 వేలు. దుక్కి, ఊడ్పు, ఎరువులు, మందులు, కోత, తోలకం కలిపి పంటకి 30 నుంచి 35 వేలు వేసుకోండి, రెండు పంటలకి 60 నుంచి 70 వేలు. అంతా సవ్యంగా జరిగితే ఎకరానికి ఏడాదికి పది నుంచి ఇరవై వేలు. ఇందులో అతని రెక్కల కష్టానికి కూలి వెయ్యలేదు. సార్వా కోతకొచ్చే వేళ తుఫాను వస్తే ఆ ఏడాదికి లెక్క మైనస్సే. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గరే తీరం దాటింది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచౌంగ్. రెండూ సార్వా ధాన్యం చేలో ఉన్న రోజుల్లోనే.

2011లో కోనసీమ రైతులు లక్ష ఎకరాల దాకా సార్వా వెయ్యకుండా వదిలేసి పంట విరామం ప్రకటించారు. కాటన్ పేరున్న ధవళేశ్వరం బ్యారేజీ కింద, నీళ్లుండి కూడా నాటు వెయ్యలేదు. అప్పుడు చాలామంది దాన్ని రాజకీయం అన్నారు. పైన చెప్పిన కూడికలు తీసివేతలు చూస్తే అందులో రాజకీయం కంటే ఎక్కాల పుస్తకమే ఎక్కువ కనబడుతుంది.

వరి పనిలో వచ్చిన మార్పు కూడా చెప్పాలి. ఊడ్పులకి బెంగాల్ నుంచి ముఠాలు వస్తున్నాయి. ఎకరానికింత అని గుత్తకి మాట్లాడుకుని, నారు పీకడం దగ్గర్నుంచి వాళ్లదే. స్థానికంగా ఊడ్పు కూలీలు తగ్గిపోవడానికి ఉపాధి హామీ ఒక్కటే కారణమన్నది రచ్చబండ మాట. ఆడపిల్లలు కాలేజీలకెళ్లడం, పట్నాల్లో నిర్మాణం పనులు, రొయ్యలు వలిచే ప్లాంట్లు, గల్ఫ్, ఇవన్నీ కలిసి లాగేశాయి. కొంతమంది నారు మానేసి డ్రమ్ సీడర్‌తో నేరుగా విత్తుతున్నారు. ఊడ్పు ఖర్చు మిగులుతుంది గానీ చేను చదును సరిగ్గా లేకపోతే పల్లంలో గింజ కుళ్లుతుంది, మెరకలో కలుపు కమ్మేస్తుంది. మందు కొట్టడానికి డ్రోను వచ్చింది. పవర్ స్ప్రేయర్‌కి ఎకరానికి 150 లీటర్ల పైన నీళ్లు పట్టేచోట డ్రోనుకి ఎనిమిది, పది లీటర్లు చాలు, పది నిమిషాల్లో పనైపోతుంది. వరికి సుడిదోమ అనే పురుగు వచ్చినప్పుడు మాత్రం దీన్ని నమ్ముకుంటే కష్టం. దోమ దుబ్బు మొదట్లో ఉంటుంది, పైనుంచి పడ్డ తుంపర అక్కడికి దిగదు.

అసలు పెద్ద మార్పు కోత మిషను. పదునారని చేలోకి చైను మిషనే దిగాలి, టైర్ల మిషను దిగబడిపోతుంది. నిలబడ్డ చేను గంటకి ఎకరం కోస్తుంది. గాలికి పడిపోయిన చేనుకి ఒకటిన్నర, రెండు గంటలు పడుతుంది. అద్దె గంటల లెక్క కాబట్టి తుఫాను నష్టం ఒకసారి గింజలో, ఇంకోసారి అద్దెలో పడుతుంది. వెనకటికి కోసి, పనల మీద ఆరబెట్టి, కుప్పేసి నూర్చేవాళ్లు. గింజ ఆ రోజుల్లోనే ఆరిపోయేది. ఇప్పుడు మిషన్లోంచి గింజ 20, 22, ఒక్కోసారి 25 శాతం తేమతో పడుతోంది. సర్కారు కొనుగోలుకి తేమ 17 శాతం మించకూడదు. 22 శాతం మీదున్న 75 కిలోల బస్తా 17కి ఆరితే డెబ్బై కిలోల అరకి దిగుతుంది. ఆ నాలుగున్నర కిలోలు ఎవరివీ కావు, నీళ్లు. కానీ ఆరబెట్టే చోటు ఏది? కళ్లాలు ఇళ్ల స్థలాలైపోయాయి. అందుకే ధాన్యం రోడ్డెక్కింది. మీరు కారులో వస్తూ రోడ్డంతా ధాన్యం పోశారని విసుక్కుంటారే, అది ఇదే. ఆరబెట్టుకోలేనివాడు పచ్చి ధాన్యమే మిల్లరుకో, కమీషన్‌దారుకో బస్తాకి ఇంతని తగ్గించి ఇచ్చేస్తాడు. మద్దతు ధర కాగితం మీద ఉన్నా చేతికి రాకపోవడానికి సగం కారణం తేమ. ఊరికో డ్రయ్యర్ ఉంటే ఎంత తేడా వస్తుందో, విరాళాలిచ్చే ఎన్నారైలు గుడి గోపురంతో పాటు దీన్నీ ఆలోచించొచ్చు.

కౌలుదారు గురించి ఒక్క మాట. ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం, 2019 కింద 11 నెలలకి సాగు హక్కు పత్రం ఇస్తారు. దాంతో పంట రుణం, బీమా, నష్టపరిహారం వస్తాయి, భూమి మీద ఎలాంటి హక్కూ రాదు. కాకపోతే యజమాని సంతకం కావాలి. డాలస్‌లో ఉన్న యజమాని సంతకం పెట్టడు. దాంతో పరిహారం యజమాని ఖాతాలో పడుతుంది, నష్టం కౌలుదారు ఖాతాలో. మీలో పొలాలు కౌలుకిచ్చినవాళ్లు ఆ చట్టం ఒకసారి చదివి సంతకం పెట్టండి.

ఇక చెరువులు. మీరంతా దీనికోసమే వచ్చారని తెలుసు.

తొంభైల్లో టైగర్ రొయ్య వచ్చింది, 1994-95లో తెల్లమచ్చ వైరస్‌తో ఊళ్లకి ఊళ్లే మునిగాయి. 2009లో వనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చాక రెండో ఊపు మొదలైంది. ఇప్పుడు మీరు చూస్తున్న డాబాలు చాలావరకు ఈ రెండో ఊపువి. కొల్లేరు వైపు బొచ్చె, శీలావతి చేపల సంగతి వేరు. అది బెంగాల్, అస్సాం లారీల వ్యాపారం, లాభం తక్కువ, కుదుపూ తక్కువ. రొయ్యలో రెండూ ఎక్కువ.

ఒక ఎకరం చెరువు, లక్ష రొయ్యపిల్ల. పిల్ల 35 పైసల చొప్పున 35 వేలు. నూటికి ఎనభై బతికి, నాలుగు నెలల్లో 50 కౌంటుకి వచ్చిందనుకోండి. కౌంటంటే కిలోకి ఎన్ని తూగుతాయన్నది, తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. 80 వేల రొయ్యలు, కిలోకి 50, అంటే 1,600 కిలోలు. కిలో రొయ్యకి కిలో నాలుగొందల గ్రాముల మేత పట్టిందనుకుంటే 2,240 కిలోల మేత. కిలో 95 చొప్పున రెండు లక్షల పదమూడు వేలు. మొత్తం ఖర్చులో మేత సుమారు సగం. లీజు, కరెంటు, డీజిలు, మినరల్స్, మందులు, కాపలా కలిపితే నాలుగుంపావు లక్షలు. 50 కౌంటు కిలో 340కి పోతే ఐదు లక్షల నలభై నాలుగు వేలు. లక్షా ఇరవై వేల దాకా మిగిలింది. వరితో పోలిస్తే స్వర్గం.

ఇదే చెరువులో ఈహెచ్‌పీ పడిందనుకోండి. ఇది చంపే జబ్బు కాదు, ఎదగనివ్వని జబ్బు. రొయ్య మేత తింటూనే ఉంటుంది, కౌంటు కదలదు. 100 కౌంటు దగ్గర విసిగి పట్టేస్తే 800 కిలోలు. మేత కిలోకి రెండు కిలోలు పట్టి 1,600 కిలోలు, అంటే లక్షా యాభై రెండు వేలు. 100 కౌంటు 240 చొప్పున లక్షా తొంభై రెండు వేలు వస్తుంది. పిల్ల, లీజు, కరెంటు కలిపి ఖర్చు మూడుంపావు లక్షలు దాటేసింది. నష్టం లక్షా ముప్పై వేల పైన. రొయ్య పట్టి అమ్మడాన్నే పట్టుబడి అంటాం. ఒక మంచి పట్టుబడి లాభం ఒక చెడ్డ పట్టుబడికి సరిపోదు. పిల్ల వేసే ముందు పీసీఆర్ పరీక్షలో ఈహెచ్‌పీ కూడా చూపించుకోవాలి, చాలామంది తెల్లమచ్చకి మాత్రమే చేయించి ఊరుకుంటారు. పాత పంట తీశాక చెరువు అడుగు పూర్తిగా ఎండబెట్టి, నల్ల బురద తీసి, సున్నం వెయ్యాలి. తొందరపడి పదిహేను రోజులకే మళ్లీ పిల్ల వేసేవాళ్లకే ఈ జబ్బు వదలదు.

చెరువు చచ్చిపోయేది ఎక్కువగా తెల్లవారుజామునే. పగలు నీటిలోని పచ్చనాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే తీసుకుంటుంది. మూడింటి నుంచి ఆరింటి మధ్య ఆక్సిజన్ అట్టడుగున ఉంటుంది. నాలుగు పీపీఎం, అంటే లీటరు నీటికి నాలుగు మిల్లీగ్రాములు, తగ్గకుండా చూసుకోవాలి. ఐదొందల కిలోల రొయ్యకి నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్ ఒక హార్స్‌పవర్ది అన్నది వాడుక లెక్క. అంటే చివరి నెలలో మన 1,600 కిలోలకి మూడు, నాలుగు తిరగాలి. సరిగ్గా ఆ వేళ కరెంటు పోయి, జనరేటర్ బ్యాటరీ దిగిపోయి, కాపలావాడు నిద్రపోతే, గంటన్నరలో నాలుగు నెలల పెట్టుబడి తేలిపోతుంది. అమెరికాలో కూర్చుని సీసీ కెమెరాలో చెరువు చూస్తామన్నవాళ్లకి ఇది చెబుతుంటాను. కెమెరాలో ఆక్సిజన్ కనబడదు.

దీనికన్నా లోతైన సంగతి అప్పు. మేత డీలరు అరువిస్తాడు. రొక్కానికి 95 అయితే అరువుకి 103 అనుకోండి. ఎనిమిది రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ మేతలో ఎక్కువ భాగం చివరి రెండు నెలల్లోనే పడుతుంది, కాబట్టి సగటున అరువు రెండు నెలలకి మించదు. 95 మీద ఎనిమిదంటే ఎనిమిదిన్నర శాతం, రెండు నెలలకి. ఏడాదికి యాభై శాతం. నెలకి నూటికి నాలుగు రూపాయల అధర్మవడ్డీ అని మా చిన్నప్పుడు తిట్టేవారే, దానికీ దీనికీ తేడా లేదు. పైగా అరువిచ్చినవాడు చెప్పిన కొనుగోలుదారుకే రొయ్య ఇవ్వాలన్న షరతు చాలాచోట్ల ఉంటుంది. రేటు అక్కడ ఇంకో పది తగ్గుతుంది.

ఈ అప్పుల గొలుసుకి అవతలి కొస అమెరికా సూపర్‌మార్కెట్‌లో ఉంది. 2025 ఆగస్టు 27న మన సరుకు మీద అక్కడి సుంకం 50 శాతమైంది. మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసే యాంటీ డంపింగ్, సర్కారు రాయితీలకి విరుగుడుగా వేసే కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు దాని మీద అదనం. ఇక్కడి గట్ల మీద రేట్లు పడ్డాయి. ముందు దెబ్బ తిన్నది పెద్ద రొయ్యలు, అంటే కిలోకి తక్కువ తూగేవి, ఎందుకంటే అమెరికా ఎక్కువగా తీసుకునేది అవే. భీమవరం రైతు ఇవాళ వాషింగ్టన్ వార్త చూసి పట్టుబడి తేదీ నిర్ణయించుకుంటున్నాడు. 1991లో బంగారం తాకట్టు పెట్టి దిగుమతులకి డబ్బు కట్టిన దేశం, 2023-24లో అరవై వేల కోట్ల పైన చేపలు, రొయ్యలు ఎగుమతి చేసింది. అది సాధించినదే, కాదనను. ఆ సాధింపులో రిస్కు ఎవరి దగ్గర ఆగిందో కూడా చూడమంటున్నాను. పిల్లనమ్మే హేచరీ రొక్కం తీసుకుంటుంది, డీలరు వడ్డీ కలుపుకుంటాడు, ఎగుమతిదారు రేటు తగ్గించుకుంటాడు, భూస్వామి లీజు ముందే పుచ్చుకుంటాడు. ఆ రిస్కు ఇంకొకరి మీదకి నెట్టడానికి ఎవరూ మిగలనిది చెరువు లీజుకి తీసుకున్నవాడికే.

నీళ్ల సంగతి మర్చిపోకూడదు. చెరువు గట్టు పక్క వరిచేలోకి ఉప్పు ఊరుతుంది, మురుగు కాలవలోకి వదిలిన నీళ్లే పక్క చెరువువాడు మళ్లీ తోడుకుంటాడు, జబ్బు అలాగే తిరుగుతుంది. కాలవల నడుమ ఉన్న ఊళ్లలో జనం 20 లీటర్ల టిన్ను కొనుక్కుని తాగుతున్నారు. చెరువు తవ్విన పొలం మళ్లీ వరికి రావాలంటే గట్లు కొట్టి, మట్టి నింపి, ఉప్పు కడగడానికి మంచినీళ్లు కావాలి. ఆ ఖర్చు లీజు కాగితంలో ఎవరూ రాయరు.

ఫోన్లో డబ్బులన్నారు కదా. యూపీఐ 2016లో వచ్చింది. 2023 ఆగస్టులో మొదటిసారి నెలకి వెయ్యి కోట్ల లావాదేవీలు దాటింది. గొప్ప విషయమే. డబ్బు చేతులు మారే వేగం పెరిగింది, అప్పు పుట్టే చోటు మాత్రం మారలేదు. డీలరుకి కట్టేది ఫోన్లోనే, కట్టేది మటుకు ఆ యాభై శాతమే. మీకు ఒకే జాగ్రత్త: డబ్బు రావడానికి పిన్ను ఎప్పుడూ కొట్టక్కర్లేదు. ఎవరైనా కొట్టమంటే ఫోన్ పెట్టెయ్యండి. మోసపోతే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చెయ్యాలి, ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఖాతాలు దాటిపోతుంది.

ప్రశ్నలడగండి.

ప్రశ్న: నేను తిరిగొచ్చేశానండి. ఎన్నారైగా తెరిచిన రూపాయల ఖాతా, ఎన్‌ఆర్‌ఈ ఖాతా, అలాగే ఉంచుకోవచ్చా?

ఉంచుకోకూడదు. ఇక్కడ రెండు చట్టాలున్నాయి, రెండూ మిమ్మల్ని వేర్వేరుగా చూస్తాయి. విదేశీ మారకం చట్టం, అదే ఫెమా, దాని ప్రకారం స్థిరపడే ఉద్దేశంతో దిగిన రోజు నుంచే మీరు రెసిడెంటు. బ్యాంకుకి చెప్పి ఎన్‌ఆర్‌ఈని మామూలు ఖాతాగానో, ఆర్‌ఎఫ్‌సీ ఖాతాగానో మార్పించుకోవాలి. డాలర్లు డాలర్లుగానే ఉండాలంటే ఆర్‌ఎఫ్‌సీ. విదేశీ కరెన్సీలో వేసుకున్న ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్టు గడువు దాకా నడుపుకోవచ్చు. ఆదాయపు పన్ను చట్టం రోజులు లెక్కపెడుతుంది. గత పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్‌రెసిడెంటుగా ఉన్నా, గత ఏడేళ్లలో ఇక్కడున్నది 729 రోజులు మించకపోయినా, ఆర్‌ఎన్‌ఓఆర్, అంటే రెసిడెంటే గానీ పూర్తి రెసిడెంటు కాదన్న హోదా వస్తుంది. మామూలుగా రెండేళ్లు, కొందరికి మూడేళ్లు. ఆ కాలంలో మీ విదేశీ ఆదాయం మీద ఇక్కడ పన్ను పడదు. కానీ ఎన్‌ఆర్‌ఈ వడ్డీ మినహాయింపు ఫెమా హోదాతో ముడిపడి ఉంది, తిరిగొచ్చాక అది పోతుంది. చాలామంది తప్పుచేసేది ఇక్కడే. ఆర్‌ఎన్‌ఓఆర్ అయిపోయాక రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపాలి, అమెరికా రిటైర్మెంటు ఖాతా 401కె కూడా. దాని మీద పన్ను, డబ్బు బయటికి తీసుకునేటప్పుడే కట్టాలంటే అమెరికా, బ్రిటన్, కెనడా ఖాతాలకి వెసులుబాటు ఉంది, ఫారం పెట్టుకోవాలి. ఆడిటరుని అడగండి.

ప్రశ్న: మరి పొలం కొనొచ్చా?

ఎన్నారైగా ఉన్నంతకాలం సాగుభూమి కొనకూడదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. భారత పౌరుడై ఉండి తిరిగొచ్చి రెసిడెంటయ్యాక కొనుక్కోవచ్చు. కొనేముందు భూమి రికార్డులు అడంగల్, 1-బి, ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ 1983 నుంచి తీయించండి. నిషేధిత జాబితా, అదే 22-ఎ, అందులో నంబరుందేమో చూడండి. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు పోయి ఎల్పీ (ల్యాండ్ పార్సిల్) నంబరు వచ్చింది. విస్తీర్ణంలో సెంట్లు తేడా రావడం, ఒకే ఎల్పీలో ఇద్దరు ముగ్గురి పేర్లు పడటం మామూలైపోయింది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, సర్వేయరుతో కొలిపించి, గట్టు పక్క రైతుల ఎదుట రాళ్లు వేయించి, అప్పుడు బయానా ఇవ్వండి.

ప్రశ్న: చెరువులో వాటా ఇస్తామంటున్నారండి, మావాళ్లే.

అయితే మూడు కాగితాలు అడగండి. చెరువుకి అనుమతి, గత మూడు పట్టుబడుల కాటా చీటీలు, డీలరు దగ్గర బాకీ పుస్తకం. మొదటి రెండూ ఇస్తారు. మూడోది ఇచ్చేదాకా డబ్బు ఇవ్వకండి.